గుర్రానికో కొలత, శ్రీవారికో కొలత

(కొట్టం ముందు చదునైన నేల. అక్కడ మెరుపు అనే గుర్రం నిలబడి ఉంది. పేరు మెరుపే గానీ, అది పరిగెత్తగా చూసినవాళ్లు ఇంతవరకూ లేరు. శ్రీమతి చేతిలో సుద్దముక్క, ఎలా వంచితే అలా నిలిచే రబ్బరు కొలబద్ద, పెద్ద అట్ట. శ్రీవారి చేతిలో ఫోన్.)

శ్రీవారు: దొరికిందోయ్! రెడీమేడ్ జీను, ఫుల్ సైజు, అంచులకి వెండి పువ్వులు. నొక్కేయనా?

శ్రీమతి: ఆ వేలు ఫోన్ మీంచి తీయండి ముందు. మనం చేయిస్తున్నది జీను చట్రం. పువ్వుల సంగతి తర్వాత.

శ్రీవారు: తోలు కింద దాక్కుని ఎవరికీ కనపడని కర్రకి ఇంత హడావుడా?

శ్రీమతి: కనపడని ఆ కర్రే మిమ్మల్ని మోసేది. వెన్నుకి అటొకటి ఇటొకటి రెండు పొడుగు పలకలు, వాటిని కలుపుతూ ముందో కమాను, వెనకో కమాను. ఆ పలకలు వీపు మీద ఒదిగి కూర్చుంటే బరువు అంతటా సర్దుకుంటుంది. ఒదగకపోతే నాలుగు మూలలా పొడుస్తుంది.

శ్రీవారు: అందుకేగా ఫుల్ సైజు అన్నది!

శ్రీమతి: ఎవరి ఫుల్ సైజు? ఒకరి ఫుల్ ఇంకొకరికి మీడియం. అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. పైగా వెడల్పు ఒక్కటి చూస్తే చాలదు. పలకలు ఎంత వాలుగా ఉండాలి, వెనక్కి పోయేకొద్దీ ఆ వాలు ఎలా మెలిక తిరగాలి, వీపు పొడుగునా వంపు ఎంత... ఇవన్నీ కావాలి.

శ్రీవారు: పెళ్లికి ముందు నా గురించి ఇన్ని ఆరాలు తీయలేదు నువ్వు.

శ్రీమతి: తీయాల్సింది. దాని తల నిటారుగా పట్టుకోండి.

శ్రీవారు: పోనీ, పాత జీను కిందే ఇంకో మందపాటి మెత్త వేస్తే పోలా?

శ్రీమతి: బూటు ఇరుకైతే రెండు జతల మేజోళ్లు తొడుక్కుంటారా? ఇలా రండి. నిన్న జీను తీసినప్పుడు వీపంతా చెమటే, ఇక్కడ మూపు పక్కన మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది.

శ్రీవారు: అక్కడ గాలి బాగా ఆడిందేమో.

శ్రీమతి: నా ఖర్మ! పొడిగా ఉందంటే జీను అక్కడ అసలు తగలకపోయి అయినా ఉండాలి, చెమట కూడా పట్టనంతగా నొక్కేసి అయినా ఉండాలి. ఈ తెల్ల వెంట్రుకలు చూశాక ఇంక అనుమానమేముంది? ఒత్తిడికి చర్మం దెబ్బతిన్నచోట ఇలాగే తెల్లగా మొలుస్తాయి.

శ్రీవారు: నేను వయసు మీద పడిందనుకున్నా. నాకూ వచ్చాయిగా.

శ్రీమతి: అయితే మీకూ ఎవరో బిగుతు జీను వేశారన్నమాట.

శ్రీవారు: ఎవరో తెలుసు. పేరు చెప్పే ధైర్యం లేదు.

(శ్రీమతి వినిపించుకోలేదు. వినిపించుకుంటే కొలతలు సాయంత్రానికి గానీ అయ్యేవి కావు. భుజం ఎముక వెనక అంచు తడిమి సుద్దతో గీత గీసింది.)

శ్రీవారు: చట్రం మొదలయ్యేది ఈ గీత దగ్గరేనా?

శ్రీమతి: దీనికి కాస్త వెనగ్గా. ముందుకాలు చాచినప్పుడు ఈ ఎముక పైభాగం వెనక్కి జరుగుతుంది. పలక దానికి అడ్డుపడితే అడుగడుక్కీ గుద్దుకుంటుంది. ఇదిగో, కొలబద్ద ఇలా అదిమి, వంపు చెదరకుండా తీసి అట్ట మీద... అయ్యో, తల ఎందుకు దించింది?

శ్రీవారు: నాకేం తెలుసు? దాని ఇష్టం.

శ్రీమతి: మీ జేబులో మూతి ఎందుకు పెట్టింది?

శ్రీవారు: గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు కదే. దీనికి కళ్లు కూడా ఉన్నాయి.

శ్రీమతి: తల దించితే వీపు వంపే మారిపోతుందండీ! మళ్లీ మొదటికొచ్చింది. అసలు ఆ జేబు దాణాతోనే ఇది ఆమధ్య అంతలా ఊరింది. కొవ్వు పట్టినప్పుడు కొలిచి చేయిస్తే, రేపు ఒళ్లు తగ్గాక చట్రం వదులై కిందికి దిగి మూపు మీద కూర్చుంటుంది. నెల్లాళ్లు పని చేయించి ఒళ్లు దారిలో పెట్టాను కాబట్టి సరిపోయింది.

శ్రీవారు: అదా! నేను ఇది బెంగపెట్టుకుని చిక్కిందనుకున్నా.

(రెండో గీత వీపు పల్లంలో, మూడోది చివరి పక్కటెముక దగ్గర, ఇంకోటి వెన్ను పొడుగునా. శ్రీవారు అట్ట అందుకుని తలకిందులుగా, ఆ తర్వాత సరిగ్గా చూశారు.)

శ్రీవారు: దొరికావు! ఎడమ పక్క వంపు పెద్దగా ఉంది, కుడి పక్క చిన్నగా ఉంది. కొలత తప్పు తీశావు.

శ్రీమతి: రెండుసార్లు తీశాను. దాని ఎడమ భుజమే పెద్దది. చాలా గుర్రాలకి రెండు పక్కలూ ఒకేలా ఉండవు. పెద్ద పక్కకి సరిపోయేలా చేయించి, చిన్న పక్క పలచటి మెత్త ముక్క పెట్టుకోవాలి. ఇదొక్కచోటే మీ మెత్త పనికొచ్చేది.

శ్రీవారు: చూశావా, నా సలహా! సరే, ఫైబర్‌గ్లాస్‌తో చేయిద్దాం, తేలిగ్గా ఉంటుంది.

శ్రీమతి: కర్రే కావాలి, పైన పచ్చితోలు. తోలుని తడిమీద బిగించి కుడతారు, ఆరేకొద్దీ అది కుంచించుకుని కర్రని గట్టిగా పట్టేస్తుంది. ఇంకోటి, ఆ వట్టి చట్రాన్నే ముందు తెప్పించి దీని వీపు మీద పెట్టి చూస్తాం. చుట్టూ వేళ్లు పోనిచ్చి ఎక్కడ ఆనింది, ఎక్కడ ఆనలేదు అని తడుముకోవచ్చు. పైన జీను తోలంతా కుట్టేశాక ఏం తడుముతాం?

శ్రీవారు: అంతా అయినట్టేగా? చట్రం చేసేవాడికి ఫారం పంపించేయ్.

శ్రీమతి: రెండో పేజీ ఉంది. రౌతు ఎత్తు, బరువు, నడుము, తొడ పొడవు.

శ్రీవారు: గుర్రం చట్రానికి నా నడుమెందుకే?

శ్రీమతి: కూర్చునే చోటు ఎంత పొడుగు పెట్టాలో తెలియొద్దూ? చేతులు పైకెత్తండి. ఊపిరి వదలండి.

శ్రీవారు: వదిలాను.

శ్రీమతి: వదల్లేదు. పొట్ట కింద జీను నడికట్టు బిగించేటప్పుడు మెరుపు పొట్ట ఉబ్బిస్తుంది, మీరేమో లోపలికి లాగుతున్నారు. ఇద్దరూ ఇద్దరే! హా... ఇప్పుడు వదిలారు. 17 అంగుళాల సీటు కావాలి మీకు.

శ్రీవారు: 15 అని రాయి, సర్దుకుంటా.

శ్రీమతి: సర్దుకోరు, వెనక కమాను మీదకెక్కి కూర్చుంటారు. బరువంతా వెనక అంచు మీదే పడుతుంది. పోనీ 17 రాద్దామంటే, దీని వీపేమో పొట్టి. బరువు పడాల్సింది భుజం వెనక నుంచి 18వ పక్కటెముక, అంటే చివరిదాని దాకానే. అది దాటితే కింద పక్కటెముకల ఆసరా ఉండదు, ఉత్త నడుమే.

శ్రీవారు: ఇంతేనా! దీనికింత టెన్షన్ దేనికి? కాస్త పొడుగు వీపున్న గుర్రం ఒకటి చూడు.

(శ్రీమతి ఏదో రాసుకుంటోంది.)

శ్రీవారు: ఏమిటది?

శ్రీమతి: కింద ‘ఇతర వివరాలు’ అని ఓ గడి ఉంది. ‘గుర్రం కొలతలు ఖాయం. రౌతు కొలతలు తగ్గుముఖంలో ఉన్నాయి’ అని రాశాను.

శ్రీవారు: ఆ రెండో ముక్క పెన్సిల్‌తో రాయవే.