కరెంటుతో నడుస్తోంది కదా అని స్మోక్ అలారాన్ని వదిలేయకండి

రాత్రి రెండున్నరకి హాల్లో పైనుంచి "కీచ్" అని ఒక్క చప్పుడు. దాదాపు నిమిషం తర్వాత మళ్లీ "కీచ్". స్మోక్ అలారం. బ్యాటరీ అయిపోయి ఉంటుందని స్టూల్ ఎక్కి కొత్తది వేశాను. వచ్చి పడుకున్నానో లేదో మళ్లీ మొదలు.

పొద్దున్నే ఎంసీబీ ఆపి దాన్ని తిప్పి కిందికి దించాను. సీలింగ్‌కి ఆనుకున్న చోట ప్లాస్టిక్ తెల్లగానే ఉంది, మిగతాదంతా పసుపు తిరిగింది. పొగ లోపలికి వెళ్లే సన్నని జాలీ నిండా దుమ్ము, ఎండిపోయిన చిన్న పురుగులు. వెనక లేబుల్ మీద రెండు తేదీలున్నాయి. ఒకటి తయారైంది, రెండోది మార్చేయాల్సింది. ఆ రెండోది దాటి మూడేళ్లయింది!

ఈ మూడేళ్లూ రోజూ రాత్రి ఆ పచ్చ లైటు చూసి నిశ్చింతగా పడుకున్నాం. ఆ లైటుకి అర్థం కరెంటు వస్తోందని, అంతే. లోపలి సెన్సర్ బాగుందని కాదు. ఇల్లు చేయించినప్పుడు ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "వైరింగ్‌తో పెట్టింది కదండీ, ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నమ్మేశాను. ఈ పోస్ట్ రాస్తున్నది ఆ మాట గురించే. అది తప్పు, ప్రాణం మీదకు తెచ్చే తప్పు.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఆప్టికల్ అలారంలో ఒక చీకటి గది లాంటిది ఉంటుంది. అందులో ఒక చిన్న లైటు, దానికి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టిన ఒక రిసీవర్. మామూలుగా ఆ వెలుతురు రిసీవర్ మీద పడదు. పొగ లోపలికి వస్తే దాని రేణువులకు తగిలి వెలుతురు చెదురుతుంది, రిసీవర్ పట్టేస్తుంది, అలారం మోగుతుంది. ఏళ్ల తరబడి ఆ గదిలోకి దుమ్ము, జిడ్డు చేరితే ఉత్తి పుణ్యానికి మోగుతుంది, లేదా మోగాల్సినప్పుడు మోగదు. విడిభాగాలూ పాతబడతాయి. అందుకే కరెంటుదైనా బ్యాటరీదైనా పదేళ్లకు మొత్తం అలారం మార్చాలి. ఆ పదేళ్లు తయారైన తేదీ నుంచి లెక్క, మనం బిగించిన రోజు నుంచి కాదు. కొత్తది కొనేటప్పుడు కూడా వెనక తేదీ చూడండి. నాకు ముందు చూపించినవి రెండేళ్లు పాతవి, వద్దన్నాను.

ఏ రకం కొనాలి? అయొనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. భగ్గున మండే మంటల్ని అది త్వరగా పట్టుకుంటుంది. కానీ సోఫాలో, పరుపులో మంట లేకుండా లోలోపల రాజుకునే నిప్పుని ఆప్టికలే ముందు పట్టుకుంటుంది. పైగా పోపు పెట్టినా, ఏదైనా మాడినా అయొనైజేషన్‌ది తొందరగా మోగుతుంది. రెండుసార్లు అలా మోగితే ఇంట్లో ఎవరో ఒకరు విసిగిపోయి పీకేస్తారు. అందుకే నా ఓటు ఆప్టికల్‌కే. వంటగదిలో మాత్రం హీట్ అలారం పెట్టాలి. అది పొగకి కాదు, వేడికి మోగుతుంది.

విసుగొచ్చి పీకేయడం చిన్న విషయం కాదు. అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కల ప్రకారం ఇళ్లలో అగ్నిప్రమాదాలకు పోయిన ప్రతి అయిదు ప్రాణాల్లో దాదాపు మూడు, అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పనిచేయని ఇళ్లలోనో పోయినవే. ఉండి కూడా మోగకపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్యాటరీ తీసేయడమో, కనెక్షన్ ఊడదీయడమో. పెయింటింగ్ అప్పుడు కట్టిన కవర్ తీయడం మర్చిపోయిన ఇళ్లు నేనే చూశాను. దయచేసి ఇప్పుడే ఒకసారి తలెత్తి చూడండి.

మార్చే దగ్గర నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదు. ఒక్కటి పాడైందని ఒక్కటే, అదీ వేరే కంపెనీది తెచ్చాను. సీలింగ్‌లో నుంచి వేలాడే వైర్ల చివరి ప్లగ్ దానికి పట్టలేదు. వైర్లు కోసి కలిపేద్దామా అన్నారొకరు. వద్దు. ప్లగ్ ఒక్కటే కాదు సమస్య. ఒక గదిలో మోగితే అన్ని గదుల్లోనూ మోగేలా అలారాలు ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి, ఆ సిగ్నల్ కంపెనీకో రకంగా ఉంటుంది. కలిపినా పక్క గదిలోది మోగుతుందన్న నమ్మకం లేదు. ఎలాగూ అన్నీ ఒకే రోజు బిగించినవే, అన్నిటి వయసూ ఒకటే. అందుకని ఒకే కంపెనీవి సెట్ మొత్తం మార్పించాను. వైరింగ్ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. బ్యాకప్ బ్యాటరీ కచ్చితంగా ఉండాలి. మంట మొదలయ్యేదే షార్ట్ సర్క్యూట్ వల్లయితే ముందు పోయేది కరెంటే. ఇంకొకటి, వీటికి కరెంటు రోజూ వాడే లైట్ల సర్క్యూట్ నుంచి ఇప్పిస్తే మేలు. ట్రిప్ అయితే ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

ఇలా కలిపి ఉండటం ఎందుకంత ముఖ్యమో స్కాట్లాండ్ చట్టం చూస్తే తెలుస్తుంది. 2022 ఫిబ్రవరి నుంచి అక్కడ ప్రతి ఇంట్లో ఇలా కలిపిన అలారాలే ఉండాలి. తలుపులు మూసుకుని పడుకుంటే హాల్లో మోత గదిలోకి సగం కూడా రాదు. నిద్రలో పొగ వాసనకి మెలకువ వస్తుందని ధీమాగా ఉండకండి, రాదు.

మెలకువ అంటే నాన్నగారి సంగతి చెప్పాలి. కొత్తవి బిగించాక అందరం పడుకున్నట్టే పడుకుని టెస్ట్ చేద్దామన్నాను. నాన్నగారు రాత్రిపూట వినికిడి మెషిన్ తీసేస్తారు. అలాగే తీసేసి తలుపు వేసుకుని పడుకున్నారు. హాల్లో బటన్ నొక్కాను. ఇల్లంతా హోరెత్తిపోయింది, ఆయన గదిలోది కూడా మోగుతోంది. అయినా ఆయన లేవలేదు. తలుపు తీసి చూస్తే అటు తిరిగి పడుకుని, ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తున్నారు. నాకు కాళ్లలో వణుకు వచ్చింది.

మామూలు అలారం మోత 3,000 హెర్ట్జ్ దగ్గర్లో, చాలా కీచుగా ఉంటుంది. వయసుతో ముందు తగ్గేది ఆ కీచు శబ్దాలు వినే శక్తే. ఇలాంటివాళ్ల కోసం 520 హెర్ట్జ్ బొంగురు మోతతో పనిచేసేవి, దిండు కింద పెట్టుకునే వైబ్రేటర్లు ఉన్నాయి. మా సెట్‌కి కలిసేవి వెతికి రెండూ తెప్పించాను. పోయిన ఆదివారం మళ్లీ టెస్ట్ చేశాం. బటన్ నొక్కిన కొద్ది క్షణాలకే నాన్నగారు తలుపు తీసుకుని బయటికి వచ్చి, "మోగిందిరా" అన్నారు.