మంచి ఉద్దేశంతో చేసినా లెక్క చూడాల్సిందే

అమెరికాలో డిప్రెషన్ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామంది పీహెచ్‌క్యూ-9 అనే ఫారం నింపే ఉంటారు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఒంట్లో ఓపిక ఉంటోందా అని అడుగుతూ వెళ్లి ఆఖరున తొమ్మిదో ప్రశ్న వేస్తుంది: గత రెండు వారాల్లో, చచ్చిపోతే బాగుండునని గానీ, మీకు మీరే హాని చేసుకోవాలని గానీ అనిపించిందా? పక్కన నాలుగు గళ్లు. అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ.

"నిజంగా ఆ ఆలోచన ఉన్న మనిషి ఫారంలో రాసి మరీ చెబుతాడా?" అనే మాట చాలామంది నోట విన్నాను. చెబుతాడు. సియాటిల్‌లో గ్రెగరీ సైమన్ అనే సైకియాట్రిస్టు బృందం 84 వేల మందికి పైగా పేషెంట్లు నింపిన 2 లక్షలకు పైగా ఫారాలు తీసుకుని, ఆ తర్వాత వాళ్లకి ఏమైందో చూసి 2013లో ప్రచురించింది. "అసలు లేదు" అన్నవాళ్లలో ఏడాదిలోపు ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు వెయ్యికి నలుగురు. "దాదాపు ప్రతిరోజూ" అన్నవాళ్లలో వెయ్యికి నలభై మంది. ఇది ఎంత సీనియర్ డాక్టరైనా తన క్లినిక్‌లో కూర్చుని తేల్చగలిగే విషయం కాదు. ఆయన కళ్లముందు జరిగేవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. వేలమందిని, లక్షలమందిని కలిపి చూస్తేనే తెలుస్తుంది.

అలా కలిపి చూడటం కోసమే 2010లో మెంటల్ హెల్త్ రీసెర్చ్ నెట్‌వర్క్ మొదలైంది. డబ్బు మానసిక ఆరోగ్య పరిశోధనకి అక్కడ ఉన్న ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఎంహెచ్‌ది. కైజర్ పర్మనెంటే, హెన్రీ ఫోర్డ్, హెల్త్‌పార్ట్‌నర్స్ లాంటి పెద్ద పెద్ద హెల్త్ సిస్టమ్స్, అంటే ఆసుపత్రులు, క్లినిక్‌లు నడిపే సంస్థలు, అందులో ఉన్నాయి. "మా రికార్డులన్నీ ఒకచోట కుప్ప పోస్తారా" అని భయపడేవాళ్లకి చెప్పాలి: రికార్డులు ఎక్కడివక్కడే ఉంటాయి. అందరూ ఒకే పద్ధతిలో డేటా సర్దిపెట్టుకుంటారు, ఒకరు రాసిన ప్రోగ్రామ్ అందరి దగ్గరా నడుస్తుంది, అధ్యయనానికి కావలసినంత వరకే బయటికి వస్తుంది.

ఈ నెట్‌వర్క్ నుంచి 2014లో వచ్చిన పేపర్ చదివితే నాకు కడుపులో దేవినట్టయింది. 2000 నుంచి 2010 వరకు ఆత్మహత్యతో చనిపోయిన దాదాపు 5,900 మంది రికార్డులు చూశారు. వాళ్లలో 83 శాతం మంది చివరి ఏడాదిలో ఏదో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లారు. కానీ దాదాపు సగంమందికి ఆ ఏడాదిలో మానసిక సమస్య ఉందని ఎవరూ రాయలేదు. అంతమంది వైద్యులకు ఎదురుగా వచ్చి కూర్చున్నారు, మామూలు జబ్బుల మాట మాట్లాడి వెళ్లిపోయారు.

అన్నిటికన్నా నేను గౌరవించేది ఈ నెట్‌వర్క్ పరిశోధకులే చేసి, 2022లో జామా అనే వైద్య పత్రికలో వేసిన ట్రయల్‌ని. తొమ్మిదో ప్రశ్నకి తరచుగా ఆ ఆలోచనలు వస్తున్నాయని చెప్పిన 18,882 మందిని మూడు గుంపులుగా విడగొట్టారు. ఒక గుంపుకి మామూలుగా అందే వైద్యమే. ఒక గుంపుకి దాంతోపాటు కేర్ మేనేజర్ ఆన్‌లైన్ మెసేజ్‌లతో ఎలా ఉన్నారో కనుక్కుంటూ ఉంటారు. ఇంకో గుంపుకి, ఉద్వేగాల్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే డీబీటీ అనే థెరపీ నుంచి తీసుకున్న నాలుగు మెళకువలు, ఆన్‌లైన్‌లో. వినడానికి ఎంత బాగుంది! పైగా ఖర్చు తక్కువ, వేలమందికి ఒకేసారి ఇవ్వొచ్చు. ఫలితం? కేర్ మేనేజర్ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆన్‌లైన్ మెళకువలు ఇస్తామన్న గుంపులో స్వీయహాని ముప్పు దాదాపు 29 శాతం పెరిగింది. తగ్గలేదు, పెరిగింది.

దీన్ని పట్టుకుని డీబీటీయే చెడ్డదనకండి. మనిషి ఎదురుగా కూర్చుని నెలల తరబడి నేర్పే పూర్తి థెరపీ వేరు, దాని ముక్కలు ఆన్‌లైన్‌లో పెట్టడం వేరు. నేను అడిగేది ఒక్కటే. అంత జాగ్రత్తగా, అంత మంచి ఉద్దేశంతో, ఆ రంగంలో పండిపోయినవాళ్లు తయారుచేసినదే ఇలా అయితే, ఏ పరీక్షా లేకుండా ఉద్యోగుల ఫోన్లలోకి తోసేస్తున్న యాప్‌ల సంగతేమిటి? వాటివల్ల ఎవరికైనా హాని జరుగుతోందేమో లెక్కపెడుతున్నదెవరు? "హెల్ప్ అవ్వకపోయినా నష్టమేం లేదుగా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నష్టం లేదని ఎలా తెలుసు? ఆ బృందం తమ ప్రయోగం దెబ్బతీసిందని తామే అచ్చువేసింది. చిన్న ట్రయల్ అయితే ఆ తేడా కంటికి ఆనేదే కాదు.

అలాగని ఈ నెట్‌వర్క్ చేసినవన్నీ కళ్లుమూసుకుని వాడేయమనను. రికార్డుల నుంచి ఆత్మహత్య ముప్పును అంచనా వేసే కంప్యూటర్ మోడల్స్ కట్టారు. తెల్లవాళ్ల విషయంలో బాగా పనిచేసిన మోడల్స్ నల్లజాతి పేషెంట్ల విషయంలో, అమెరికా మూలవాసులైన అమెరికన్ ఇండియన్ల విషయంలో సరిగ్గా పనిచేయలేదని 2021లో తేలింది. అది తేల్చింది కూడా ఈ నెట్‌వర్క్ పరిశోధకులే. అయినా ఆ లోపం సరిచేయకుండా అలాంటి మోడల్‌ని ఆసుపత్రిలో పెట్టేస్తే నేను ఒప్పుకోను.

మీ ఇన్సూరెన్స్ వాళ్లో, హెచ్ఆర్ వాళ్లో మానసిక ఆరోగ్యం కోసమంటూ కొత్త యాప్ పంపితే తిరిగి ఒక మెయిల్ పెట్టండి. ఎంతమంది మీద పరీక్షించారు, దేనితో పోల్చి చూశారు, హాని ఏమైనా జరిగిందేమో లెక్కకట్టారా అని అడగండి. జవాబు రాకపోతే ఆ యాప్‌కి డబ్బు ఎందుకు కడుతున్నారో కూడా అడగండి.