ఇంటర్ పిల్లలకు పద్యం మార్కుల కోసమేనా?

ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ ఏది పెట్టాలన్న ప్రశ్నకు మన ఇళ్లలో అయిదు నిమిషాలు కూడా పట్టదు. "సంస్కృతం పెట్టించండి సార్, మార్కులు ఎక్కడికీ పోవు" అని అడ్మిషన్ కౌంటర్లోనే తేల్చేస్తారు. పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లవాడు ఒక్క సంతకంతో కొత్త భాషకు మారిపోతాడు. జవాబులు చాలావరకు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది ఉండదని ధైర్యం చెబుతారు. సంస్కృతం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ భాషను ప్రేమించి పాఠం చెప్పే లెక్చరర్లకు కూడా దాన్ని మార్కుల కోసమే ఎంచుకోవడం చిన్నతనమే.

కాలేజీ లెక్క ఏమిటో అంకెలు చూస్తే అర్థమవుతుంది. తెలంగాణ ఇంటర్ ఎంపీసీలో రెండేళ్లకూ కలిపి 1000 మార్కులు. అందులో ఇంగ్లిష్‌కు 200, సెకండ్ లాంగ్వేజ్‌కు 200. ఎంసెట్ దగ్గరికి వచ్చేసరికి (పేరు ఈఏపీసెట్ అయినా ఇళ్లలో ఇప్పటికీ ఎంసెటే) 160 ప్రశ్నల్లో గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. భాషకు ఒక్కటీ లేదు. ఎన్‌ఐటీ సీటుకు జేఈఈ ర్యాంకుతోపాటు ఇంటర్లో 75 శాతం రావాలి, లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. కాబట్టి భాష దగ్గర మార్కులు నిండుగా రావాలి, దాని మీద పెట్టే గంటలు మాత్రం వీలైనంత తక్కువ ఉండాలి. పొద్దున్నే మొదలై రాత్రి స్టడీ అవర్స్ దాకా సాగే టైమ్‌టేబుల్లో ఏదైనా టెస్ట్ పడితే మొదట ఎగిరిపోయేది లాంగ్వేజ్ పీరియడే. సంక్రాంతి సెలవులు అయ్యాక గుర్తొచ్చే సబ్జెక్టు అది.

ప్రభుత్వం తీరూ దీనికి దూరంగా లేదు. 2017లో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా తెలుగు తప్పనిసరి అని తెలంగాణలో ప్రకటించారు. 2018లో వచ్చిన చట్టం మాత్రం పదో తరగతి దగ్గరే ఆగింది. పిల్లల మీద అసలు బరువు పడేది ఆ తర్వాతి రెండేళ్లలో. సరిగ్గా అక్కడే వాళ్లకు బాగా వచ్చిన భాష, పుట్టినప్పటి నుంచీ విన్న భాష, పక్కకు తప్పుకుంటుంది. నన్ను బాధపెట్టే సంగతి ఇదే.

సరే, తెలుగు తీసుకున్నవాళ్లయినా సాహిత్యం చదువుతున్నారా? సందర్భ సహిత వ్యాఖ్య అనే ప్రశ్న ఉంటుంది. దానికి గైడ్‌లో పోత పోసిన జవాబు దొరుకుతుంది: "ఈ వాక్యం ఫలానా కవి రచించిన ఫలానా కావ్యం నుండి గ్రహించబడినది" అని ఒక లైను, సందర్భం రెండు లైన్లు, భావం రెండు లైన్లు. కవి పేరు మారుతుంది, మిగతాది మారదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న లెక్చరర్‌కు పేపరు తర్వాత పేపరులో అదే పేరా కనిపిస్తుంది. ఆ పేరాలో పిల్లవాడు ఎక్కడా ఉండడు. ఉండమని మనం అడగలేదు కూడా.

తెలుగిళ్లలో తాతలు, నాయనమ్మలు పిల్లలకు నేర్పుతూ వచ్చిన గజేంద్రమోక్షాన్ని తీసుకుందాం. పదిహేనో శతాబ్దపు బమ్మెర పోతన రాసిన ఆ ఘట్టాన్ని భక్తి పాఠంగానే చెప్పి వదిలేస్తాం. పదిహేడేళ్ల వయసులో, ర్యాంకు పడిపోయిన వారంలో, హాస్టల్ గదిలో కూర్చుని చదివితే అది వేరేగా వినిపిస్తుంది. గజేంద్రుడు మామూలు ఏనుగు కాదు, తన మందకు రాజు. మొసలి పట్టు విడిపించుకోవాలని ఏళ్ల తరబడి పెనుగులాడాడు. మొదట్లో అతనికి వచ్చే ఆలోచనల్లో ఒకటి పశ్చాత్తాపం లాంటిది. హాయిగా గంధపు చెట్ల నీడన ఉండక "ఈ నీరాశ నిటేల వచ్చితి" అనుకుంటాడు. ఊళ్లో స్కూల్ ఫస్ట్ వచ్చి, వంద మంది స్కూల్ ఫస్టుల మధ్య ఏ చివరి సెక్షన్లోనో పడిన పిల్లకు ఈ మాటకు అర్థం చెప్పాలా?

ఆ తర్వాత సందేహం. దేవుడు దీనుల పక్కన ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అలాంటివాడు అసలు "కలడో లేడో" అంటాడు. అంతటి భక్త కవి తన కథానాయకుడి నోట ఆ ప్రశ్న పలికించడానికి వెనకాడలేదు. చివరికి "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్" అని ఒక్కొక్కటిగా చెప్పుకుంటాడు. బలం లేదు, ధైర్యం సడలింది, ఒళ్లు అలసిపోయింది. నాకు ఇక చేతకావడం లేదు, సాయం చెయ్యండి అని నోరు తెరిచి అడుగుతాడు. అంత బలవంతుడు అలా అడగడాన్ని పోతన చిన్నతనంగా చూపించలేదు.

మన పిల్లలు ఈ మాటే అనలేకపోతున్నారు. ఫోన్ టైమ్‌లో ఇంటికి చేసి "బాగానే ఉన్నా" అంటారు. అమ్మానాన్న కట్టిన ఫీజు గుర్తొచ్చి మిగతాది మింగేస్తారు. ఈ పద్యాన్ని బట్టీ పట్టి, ప్రతిపదార్థం తప్పు లేకుండా రాసి, మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి కూడా అందులో తన సంగతే ఉందని తట్టే అవకాశం ఆ క్లాసులో ఉండదు.

పద్యం చదివితే బెంగ తీరిపోతుందని నేను అనను. నిద్ర పట్టని పిల్లకు నిద్ర కావాలి, డిప్రెషన్‌లో ఉన్న పిల్లవాడికి డాక్టరు కావాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తప్పు వ్యవస్థది, దాన్ని కవిత్వంతో కప్పిపుచ్చకూడదు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వీలైనంత వరకు బ్యాచ్‌లుగా విడదీయకూడదు. ఇవి అమలైతే చాలా మారుతుంది. అయితే కౌన్సెలర్ గది తలుపు తట్టాలన్నా, ముందు పిల్లవాడికి తన లోపలి సంగతి తన మాటల్లో చెప్పడం రావాలి. ఆ అలవాటు చెయ్యగల పీరియడ్ టైమ్‌టేబుల్లో ఒక్కటే ఉంది. దాన్నే మనం స్కోరింగ్ సబ్జెక్టు చేసి కూర్చున్నాం.

చెయ్యాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. పదో తరగతి తెలుగు పేపర్లో అవగాహన–ప్రతిస్పందన ఉంది, సృజనాత్మకత కింద లేఖ, సంభాషణ, కరపత్రం రాయమంటారు. పదిలో చేసిన పని ఇంటర్లో కుదరదనడానికి కారణం లేదు. పాఠ్యపుస్తకంలో లేని ఒక పద్యమో చిన్న కవితో ఇచ్చి, నీకేమనిపించిందో రాయమని పబ్లిక్ పరీక్షలోనే అడగాలి. ఇంటర్నల్ మార్కులుగా పెడితే మాత్రం ప్రయోజనం ఉండదు, అందరికీ ఇరవైకి ఇరవై పడిపోతాయి. సొంత జవాబుకు మార్కులు ఎలా వేస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఇంగ్లిష్ వ్యాసాలను ప్రపంచమంతా అలాగే దిద్దుతోంది, మన లెక్చరర్లకు అది చేతకాని పని కాదు. మార్కులు తగ్గుతాయని తల్లిదండ్రులు భయపడతారు. ఒకటి రెండేళ్లు తగ్గుతాయేమో. 75 శాతం నిబంధనకు ఆ కాస్త తేడా అడ్డం రాదని బోర్డే తల్లిదండ్రులకు ముందే వివరించి చెప్పాలి.

పిల్లలు సొంతంగా రాయడం మొదలుపెడితే ఇంకో బాధ్యత కూడా వస్తుంది. ఏదో ఒక నోట్‌బుక్‌లో లెక్చరర్‌ను కలవరపెట్టే వాక్యం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఎర్ర ఇంకుతో దిద్దేసి పక్కన పెట్టకూడదు, క్లాసులో పైకి చదివి పరువు తీయకూడదు. ఆ రోజే పిల్లతో విడిగా మాట్లాడాలి, కౌన్సెలర్‌కు చెప్పాలి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. అది హాస్టల్ నోటీసు బోర్డు మీదే కాక తెలుగు లెక్చరర్ ఫోన్‌లో కూడా ఉండాలి. అలాంటి రాత కనిపిస్తే ఎవరికి చెప్పాలో కాలేజీ జూన్‌లోనే రాతపూర్వకంగా ఇచ్చి తీరాలి.