పాత కార్ల యార్డులో అబద్ధం ఎక్కడ పుడుతుంది?

పాత కార్లు అమ్మేవాడంటే మాయమాటల మనిషి అనే ముద్ర ఎప్పటినుంచో ఉంది. ఆ ముద్ర ఊరికే పడలేదు. కానీ అబద్ధం పుట్టేది సేల్స్‌మన్ నోట్లో కాదు. యార్డు ఆ కారును కొన్న రోజే పుడుతుంది.

లెక్క చూడండి. కొన్న ధర 100 అనుకుందాం. సర్వీసు, టైర్లు, డెంటింగ్, పెయింటింగ్‌లకు 8, పెట్టుబడి మీద వడ్డీ 2. అలాంటి కారు బయట 114కి పోతుంటే మిగిలేది 4. కొనేటప్పుడు గేర్‌బాక్స్ మోత చెవిన పడలేదా, ఆ 4 పోయి చేతి చమురు వదులుతుంది. ఇక యజమాని నష్టమైనా ఒప్పుకోవాలి, మోత సంగతి ఎత్తకుండా అమ్మమని సేల్స్‌మన్‌కైనా చెప్పాలి.

కాబట్టి ఈ వ్యాపారంలో అసలు పనితనం యార్డు తరఫున కార్లు కొనేవాడి కంటిది, చెవిది. ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వేడెక్కితే చాలా లోపాలు దాక్కుంటాయి. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఆ రోజుకు వెనక్కి రావడమే మంచిది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, కూలంట్ తగ్గుతుంటే ఇంజిన్ పైభాగాన్ని కింది బ్లాకుతో కలిపే చోట ఉండే సీలును, అంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

ఫ్యాక్టరీ పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మందం కొలిచే పరికరం ఒక డోరు మీద 120, పక్క డోరు మీద 600 చూపిస్తే ఆ రెండోదాని కింద పుట్టీ ఉన్నట్టే. డోరు బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే పానా పడిందని అర్థం. టైరు అంచున 4 అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మీటరు 30,000 కిలోమీటర్లంటుంది, బ్రేక్ పెడల్ రబ్బరేమో అరిగి నున్నబడి ఉంటుంది. అలాంటప్పుడు మీటరును నమ్మకుండా సర్వీసు రికార్డులు తిరగేయాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడటం చాలామంది మరిచిపోతారు. వరదలో మునిగిన కారుకు కార్పెట్ మార్చేస్తారు గానీ, ఎప్పుడూ చుట్టలోనే ఉండే ఆ చివరి జానెడు బెల్టును పట్టించుకోరు. బురద చార ఇంకా అక్కడే ఉంటుంది.

చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయి ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చెరిపేస్తే లైటు పోతుంది. అయితే ఆ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే, కారు తనను తాను పరీక్షించుకునే తనిఖీలు, అంటే రెడీనెస్ మానిటర్లు, ఇంకా పూర్తికాలేదని కనిపిస్తుంది. బ్యాటరీ విప్పి పెట్టినా ఇలాగే కనబడుతుంది కనుక, కొన్నాళ్లు నడిపి మళ్లీ చూడాల్సిందే.

ఇన్ని సంగతులు కొనేవాడికి తెలుస్తాయి, సేల్స్‌మన్ దాకా మాత్రం రావు. అతని చేతికి వచ్చేది తాళం, ధర, "కారు బాగుంది" అనే ఒక్క మాట. పొద్దున్నే దుమ్ము తుడవాలి, నిలిచిపోయిన బండ్ల బ్యాటరీలు చూసుకోవాలి. ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులుండాలి, 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టే. సెలవు రోజుల్లోనే గిరాకీ కాబట్టి అతనికి సెలవుండదు. నెలాఖరున టార్గెట్ నెత్తిన కూర్చుంటుంది. రెండు నెలలుగా కదలని కారు మీద యజమాని కోపమూ అతనికే తగులుతుంది. పైగా కమీషన్ ఇచ్చేది లాభం మీద. లోపం చెప్పి ధర తగ్గిస్తే కోత పడేది అతని జేబుకే. ఈ పద్ధతి మార్చకుండా మనిషికి నీతులు చెప్పడం అన్యాయం.

కారుకు ఇంత అని స్థిరమైన కమీషన్ పెట్టాలి. కొనేటప్పుడు రాసిన తనిఖీ కాగితం సేల్స్‌మన్‌కూ, కస్టమర్‌కూ చేరాలి. అమ్మిన 30 రోజుల్లో దాచిన లోపం బయటపడితే, ఆ కారును యార్డు తరఫున కొన్నవాడి వాటాలోనూ కోత పడాలి.

లోపాలు చెబితే బేరాలు పోతాయని యార్డుల భయం. "ఎడమ డోరు గీత పడితే పెయింట్ వేయించాం, వెనక టైర్ల గాడి లోతు 3 మిల్లీమీటర్లే మిగిలింది" అని ముందే చెబితే కస్టమర్ ఆ రెండింటి మీదే బేరమాడతాడు. అదే డోరును తనంతట తాను కనిపెడితే ఇంజిన్‌నూ నమ్మడు, కాగితాలనూ నమ్మడు. టెస్ట్ డ్రైవ్ కూడా అడగకుండా గేటు దాటిపోతాడు.