ప్రతి నుదురు నొప్పీ సైనసేనా?

మన జిల్లాలో నుదురు నొప్పెట్టిందంటే పేరు రెడీగా ఉంటుంది, సైనస్. మా బావకి ఎడమ కనుబొమ్మ పైన, వేలు పెట్టి చూపించగలిగేంత ఒకే చోట, నాలుగేళ్లు నొప్పి. ఆవిరి పట్టాడు, సందు చివర షాపులో నొప్పి మాత్రలు మింగాడు. చివరికి శ్రీకాకుళంలో సీటీ స్కాన్ తీస్తే డాక్టరు ఫిల్మును ట్యూబులైటుకెత్తి చూపించారు. సైనస్ అంటే ఎముకలోని గాలి గది; గాలితో నల్లగా ఉండాల్సిన ఆ గదిలో రేగుపండంత తెల్లటి ముద్ద.

అది ఆస్టియోమా. క్యాన్సర్ కాదు, ఎముకే అదనంగా పెరగడం. ఎక్కువగా నుదుటి సైనస్‌లో, తర్వాత ముక్కుకీ కంటికీ మధ్య ఉండే ఎత్మాయిడ్ గదుల్లో వస్తుంది. పెరుగుదల చాలా నెమ్మది. అలాగని వదిలేస్తే కొందరిలో సైనస్ దారి మూసుకుపోతుంది, కన్ను ముందుకి తోసుకొస్తుంది. చిన్నవి ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు.

ప్రతి తలనొప్పికీ సీటీ రాస్తే బాగుపడేది స్కానింగ్ సెంటర్లేనని డాక్టర్ మిత్రులంటారు. నిజమే, చాలామందిది మైగ్రేనే. పైగా ముద్ద కనబడినంత మాత్రాన నొప్పి దానివల్లే అనలేం, ఇబ్బంది పెట్టనివాటికి ఆపరేషన్ అక్కర్లేదు, అప్పుడప్పుడు సీటీతో చూసుకుంటే చాలు. సరే, అందరికీ వద్దు. ఏళ్లుగా ఒకేవైపు నొప్పి, నుదుటి మీద గట్టి ఉబ్బు, ఒకటి రెండుగా కనిపించడం... కనీసం వీళ్లకైనా సీటీ తీయరేం?

తీశాక చదివేవాళ్లు కావాలి. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అనే ఇంకో ఎముక జబ్బు సీటీలో గరుకు అద్దంలా మసగ్గా ఉంటుంది, ఆస్టియోమా చాలావరకు దట్టమైన తెలుపు. ముద్దలు ఒకటికి మించి ఉంటే మాత్రం ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు జబ్బుందా అని అడిగి తీరాలి. అది గార్డ్‌నర్ సిండ్రోమ్ కావచ్చు, పేగు లోపల వందల కొద్దీ పాలిప్స్ అనే చిన్న కండలు, వదిలేస్తే దాదాపు ఖాయంగా క్యాన్సర్. నుదుటి ఫిల్ము చూసి కడుపు సంగతి అడిగే డాక్టరు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి!

నా అసలు మంట ఆ మాత్రల మీద. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్లేదు, కానీ దెబ్బతిన్న కిడ్నీని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయన్నది తేలిన సంగతే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కట్టుకున్న జిల్లాలో ఆ మాత్రలు చీటీ లేకుండా, బఠాణీల్లా చేతిలో పోస్తున్నారు. సీటీకి డబ్బెక్కడిదని నాలుగేళ్లు ఆగిన మా బావకి ఆ డాక్టరు ముందుగా రాసింది ఆపరేషన్ కాదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష.