బుడమేరు ఒడ్డున ఒక సైన్స్ పీరియడ్

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అవే రోజుల్లో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. టీవీల్లో ఆ అంకె రోజంతా వినపడింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, లీటర్లలో 28కి కాస్త పైన. ఆ లెక్కన బ్యారేజీ గేట్ల కింద నుంచి సెకనుకు 3 కోట్ల 20 లక్షల లీటర్లకు పైగా నీరు వెళ్లింది. మన వీధుల్లోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు వేలు ఒక్క సెకనులో ఖాళీ చేసినా దానికి సరిపోవు. ఏడో తరగతి పిల్లలు చేయగల గుణకారం ఇది. ఆ వరదలో డాబాల మీద రోజుల తరబడి గడిపిన పిల్లల్లో ఎంతమంది చేత బడిలో ఈ లెక్క చేయించి ఉంటారు?

విజయవాడ పిల్లలు సైన్సులో వెనకబడ్డారని మేం అనడం లేదు. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ బిట్లు, స్లిప్ టెస్టులు, స్టడీ అవర్ల మధ్య పిల్లల చేతులకు పనే లేకుండా పోయింది. చాలా బడుల్లో ల్యాబ్ గది తలుపు తెరిచేది ఇన్‌స్పెక్షన్ రోజునే. ప్రయోగం చేయకుండానే రికార్డు నిండుతుంది, గడచిన ఏడాది రికార్డు చూసి రాసుకుంటే సరిపోతుంది. ప్రాజెక్టు వర్క్ అంటే ఫ్యాన్సీ షాపులో బొమ్మల చార్టు కొని అతికించడం. అతికించేది కూడా చాలాసార్లు పిల్లల అమ్మలే. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ పాఠం పుస్తకంలోకైతే వచ్చింది, పుస్తకం దాటి బయటికి రాలేదు.

బయట ఏముందో చూడండి. బుడమేరు పుట్టేది కొండపల్లి, మైలవరం వైపు కొండల్లో. కొండపల్లి బొమ్మకు ప్రాణం పోసే తెల్లపొణికి చెట్టు పెరిగేదీ ఆ అడవుల్లోనే. వాగు అక్కడి నుంచి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వస్తుంది. అక్కడ నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి తిప్పుతారు. 2024లో గండ్లు పడ్డది ఆ కాలువకే. మళ్లించగా మిగిలిన నీరు నగరం మీదుగా కొల్లేరు చేరుతుంది, కొల్లేరు నుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల, అక్కడి ఆటపాకలో గూడబాతుల (పెలికాన్ పక్షుల) కేంద్రం ఉంది. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రంలోగా ఈ దారంతా చూసి రావచ్చు. కొండ మీద చెట్లు తగ్గితే కింద కాలనీలో ఏమవుతుందో, వాగు గట్టు ఆక్రమిస్తే నీరు ఎటు తిరుగుతుందో ఆ ఒక్క రోజులో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది. పది పాఠాలు చదివినా అంత తెలియదు. గుంటూరు పిల్లలకైతే ఉప్పలపాడు చెరువు మరీ దగ్గర. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యనే గూళ్లు కడతాయి.

బస్సు ఖర్చు భరించలేని బడికి కూడా దారి ఉంది. ఒక ఖాళీ నీళ్ల బాటిల్ తీసుకుని పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాలి. అడుగు సమంగా ఉండదు కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. పక్కనే స్కేలు అతికిస్తే వాన కొలిచే సాధనం తయారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 చదరపు మీటర్ల బడి డాబా మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 10 వేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయని పిల్లలే అడగడం మొదలుపెడతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లు వేస్తే అదే ఎరుపు కనపడుతుంది. బందరు కాలువ నీళ్లు, ఏలూరు కాలువ నీళ్లు, రైవస్ కాలువ నీళ్లు మూడు గాజు సీసాల్లో పోసి ఒక రోజు కదపకుండా ఉంచితే అడుగున పేరుకున్న మట్టిని స్కేలుతో కొలవచ్చు.

కాలువ అనగానే తల్లిదండ్రులకు టెన్షన్. అది న్యాయమైన భయమే. మన కాలువల్లో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. కాబట్టి నీళ్లు తోడి తెచ్చే పని పెద్దలదే, కొలతలన్నీ బడి ఆవరణలోనే జరగాలి. వాగు చూడటానికి వెళ్లినా రెయిలింగ్ దాటకూడదు. ఈ నియమంలో సడలింపు ఉండకూడదు.

డబ్బు అసలు అడ్డంకి అని మేం అనుకోవడం లేదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలంది. లేనిది టీచరుకు తీరిక. ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని తగ్గించకుండా సైన్స్ మాస్టారిని పిల్లలతో బయటికి వెళ్లమంటే ఆయన ఎలా వెళ్తారు? వారానికి ఒక డబుల్ పీరియడ్ ఆయనకు పూర్తిగా వదిలేయాలి. ఎఫ్ఏలో (బడిలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు మార్కులు పిల్లలు సొంతంగా రాసుకున్న కొలతల పుస్తకానికే ఇవ్వాలి, షాపు చార్టుకు కాదు. జలవనరుల శాఖ వెలగలేరు దగ్గర నెలకొక రోజు బడి పిల్లల కోసం కేటాయించి, గేటు ఎందుకు ఎత్తుతారో అక్కడి ఇంజినీరే చెప్పే ఏర్పాటు చేయాలి. లాం ఉద్యాన పరిశోధన కేంద్రం గుంటూరు పిల్లలను మిరప మడుల్లోకి పిలవాలి. ప్రైవేటు యాజమాన్యాలకూ ఇదే మా విజ్ఞప్తి: ఫీజు రసీదులో ల్యాబ్ పేరుతో తీసుకుంటున్న డబ్బుకు తగ్గట్టు ల్యాబ్ తలుపులు తెరవండి.

జూన్‌లో బడులు తెరవగానే మొదటి కొలత సింగ్‌నగర్‌లో జరగాలని మా కోరిక. నీళ్లు తమ ఇంటి గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ పిల్లలు వేలు పెట్టి చూపించగలరు. వాళ్లకు టేపు ఇచ్చి ప్రతి వీధిలో ఆ ఎత్తు కొలిపించి, కాలనీ పటం మీద అంకెలు వేయించాలి. ఆ పటం ఒక ప్రతి బడి గోడ మీద ఉండాలి, ఇంకో ప్రతి నగరపాలక సంస్థ కార్యాలయానికి చేరాలి.