మాంత్రికుడి కథ తెరమీద అందరిది, పుస్తకమైతే పిల్లలదా?

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వైపు ఆఫీసులకు వెళ్లే మన తెలుగువాళ్లలో, ముప్పై దాటిన చాలామంది ఫోన్లో చదివేది డ్రాగన్లు, మంత్రదండాలు, శాపాల కథలే. అడిగితే మాత్రం "మా పాప కోసం డౌన్‌లోడ్ చేశానండీ" అంటారు. ఈ సిగ్గు ఎక్కడినుంచి వచ్చింది?

ఇంగ్లిష్ పాఠకులకూ ఇది ఉండేది, అందుకే అక్కడి ప్రచురణకర్తలు దానికో ఉపాయం కనిపెట్టారు. 1997లో హ్యారీ పోటర్ మొదటి పుస్తకం వస్తే, మరుసటి ఏడాదే దాని ప్రచురణ సంస్థ బ్లూమ్స్‌బరీ దాన్ని ఆవిరి రైలు బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉన్న అట్టతో పెద్దవాళ్ల కోసం మళ్లీ వేసింది. లోపల అదే కథ. 2000లో న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో పెద్దల నవలల చోటంతా ఈ పుస్తకాలే తినేస్తున్నాయని గొడవ రావడంతో, పిల్లల పుస్తకాలకు వేరే జాబితా పెట్టి వాటిని అక్కడికి పంపేశారు. అంటే గీత గీసింది వ్యాపారం, కథ కాదు. ఫిలిప్ పుల్మన్ రాసిన 'ది యాంబర్ స్పైగ్లాస్' బ్రిటన్‌లో పుస్తకాలకిచ్చే 2001 విట్‌బ్రెడ్ అవార్డుల్లో ఉత్తమ గ్రంథంగా నిలిచింది, పిల్లల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అందులో ఇద్దరు పిల్లలు చచ్చిపోయినవాళ్ల లోకంలోకి దిగి అక్కడి ఆత్మలను విడిపిస్తారు.

పెద్దవాళ్లకు ఇవి ఎందుకు నచ్చుతాయంటే 'చిన్ననాటి జ్ఞాపకాలు' అని తేల్చేస్తుంటారు. అది కొంతవరకే నిజం. పోటర్ మొదటి పుస్తకం వచ్చినప్పుడు పదకొండేళ్లున్న పాఠకుడికి, 2007లో ఏడోది వచ్చేసరికి ఇరవై ఒకటి నిండాయి కాబట్టి, వాడు కథతోపాటే పెద్దవాడయ్యాడు. కానీ నలభైలో మొదటిసారి చదివి అతుక్కుపోయినవాళ్ల మాటేమిటి? చావు, నమ్మకద్రోహం, ధైర్యం గురించి సూటిగా మాట్లాడటానికి పెద్దల నవల మొహమాటపడుతుంది, ఫాంటసీకి ఆ మొహమాటం లేదు. రోజంతా ఆఫీసు రాజకీయాలు చూసి వచ్చినవాడికి దుర్మార్గుడు దుర్మార్గుడిగానే కనిపించే కథ కావాలనిపించడంలో వింతేముంది!

మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పిల్లల కథ పెద్దవాళ్ల దగ్గరికి ఎక్కితే, ఇక్కడ పెద్దవాళ్ల కథను పిల్లల దగ్గరికి దించేశాం. భేతాళ కథలు చోటుచేసుకున్న కథాసరిత్సాగరాన్ని 11వ శతాబ్దంలో కశ్మీర్‌లో సోమదేవుడు రాసింది సూర్యమతి అనే రాణి వినోదం కోసం. అందులో ఒక ఆడమనిషి కంగారులో తెగిపడిన భర్త తలను తన సోదరుడి మొండేనికి, సోదరుడి తలను భర్త మొండేనికి పెట్టేస్తుంది, ఇప్పుడు ఇద్దరిలో భర్త ఎవరని భేతాళుడు అడుగుతాడు. ఇది పిల్లల ప్రశ్నేనా?

అదే భేతాళుడు మద్రాసులో, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామలో స్థిరపడ్డాడు. మధ్యతరగతి జీవితాన్ని అంత నిర్మొహమాటంగా రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రిక బాధ్యత చూశారు. మార్క్సిస్టు రచయిత భూతాల కథలకు అన్నేళ్లు మెరుగులు దిద్దారంటే, అవి ఆయనకు చిన్నపనిగా తోచలేదనే నేను అనుకుంటాను. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ల కోసం ఇళ్లలో పిల్లలకంటే ముందు పుస్తకం లాక్కున్నది ఎవరో ఆ తరంవాళ్లను అడగండి.

విచిత్రమేమిటంటే, అదే నాగిరెడ్డి, చక్రపాణి 1951లో పాతాళభైరవి తీస్తే దాన్ని ఎవరూ పిల్లల సినిమా అనలేదు. తాతలు కూడా వెళ్లి ఎస్వీ రంగారావు మాంత్రికుణ్ని చూసొచ్చారు. 1990లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకున్న సినిమాకి కూడా అంతే. టికెట్ కొని చూస్తే అందరిదీ, పుస్తకం కొని చదివితే పిల్లలదీ!

దీని నష్టం ఇప్పుడు తెలుస్తోంది. జనవరిలో చెన్నై పుస్తక ప్రదర్శనకి వచ్చే తెలుగు కుర్రాడు ఫాంటసీ అంటే ఇంగ్లిష్ స్టాల్ వైపే నడుస్తాడు. తెలుగులో మాంత్రికుడి కథ అనగానే పెద్ద అక్షరాలు, రంగుల బొమ్మలు, పలచటి పుస్తకం. నాలుగొందల పేజీల్లో, పెద్దవాళ్ల భాషలో ఒక రాకాసిలోయ రాయగల రచయితలు మనకు లేరని నేను నమ్మను. రాసి పట్టుకెళ్తే "ఇది ఏ వయసు పిల్లలకండీ?" అని అడిగే ప్రచురణకర్తలే ఎక్కువ.